విదేశాలకు వెళ్తున్నారా? మన డ్రైవింగ్ లైసెన్స్ అక్కడ ఎన్నాళ్లు చెల్లుతుంది? మార్చుకోవాలంటే ఏం చేయాలి?

శ్రీరంగాపూర్, పెబ్బేరు, కొత్తకోట, గద్వాల, అచ్చంపేట.. ఉమ్మడి పాలమూరులో ఏ ఊరు తీసుకున్నా చదువు కోసం అమెరికాకో, పని కోసం దుబాయ్‌కో, సౌదీకో వెళ్లినవారు కనిపిస్తారు. పాస్‌పోర్టు, వీసా, మెడికల్ టెస్టులు.. వీటన్నిటికీ నెలల ముందు నుంచే తిరుగుతారు. డ్రైవింగ్ లైసెన్స్ సంగతి మాత్రం అక్కడికి చేరాకే గుర్తొస్తుంది. అప్పటికి చేతిలో ఉండాల్సిన కాగితాలు ఇక్కడి ఆఫీసుల్లోనే ఉండిపోతాయి.

‘ఇండియా లైసెన్స్ ఉంది కదా, అక్కడ చూపించి మార్చుకుంటే సరిపోతుంది’ అని చాలామంది అనుకుంటారు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే దేశాల్లో నేరుగా మార్చి ఇచ్చే పద్ధతి భారత లైసెన్స్‌కు దాదాపు లేదు. పరీక్ష రాయాలి, బండి నడిపి చూపించాలి. అయితే ఇక్కడి లైసెన్స్ వృథా కాదు. కొన్నిచోట్ల శిక్షణ గంటలు తగ్గుతాయి. కొన్నిచోట్ల నెలల తరబడి ఆగే పని తప్పుతుంది. అందుకు మీ అనుభవాన్ని రుజువు చేసే కాగితం ఉండాలి.

ఇంటర్నేషనల్ పర్మిట్ ఉంటే చాలా?

చాలదు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ (ఐడీపీ) విడిగా ఒక లైసెన్స్ కాదు. మీకు ఇక్కడ ఉన్న లైసెన్స్ వివరాలను ఇతర దేశాల పోలీసులకు అర్థమయ్యేలా తెలిపే పత్రం మాత్రమే. 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం మన దేశం దీన్ని జారీ చేస్తోంది. దీని వెంట ఒరిజినల్ లైసెన్స్ కార్డు కూడా ఉండాలి. కార్డు ఇంట్లో వదిలేసి పర్మిట్ ఒక్కటే చూపిస్తే కుదరదు.

దీని గడువు జారీ చేసిన రోజు నుంచి ఒక సంవత్సరం. లైసెన్స్ గడువు అంతకంటే ముందే ముగిస్తే పర్మిట్ కూడా ఆ రోజుతోనే ముగుస్తుంది. 2022 ఆగస్టులో కేంద్రం నిబంధనలు సవరించి దేశమంతటా ఒకే నమూనా పర్మిట్ తెచ్చింది. అందులోని క్యూఆర్ కోడ్ ద్వారా దాన్ని మీ లైసెన్స్‌తో సరిచూసుకోవచ్చు.

ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది: పర్మిట్ ప్రధానంగా సందర్శకుల కోసం. ఉద్యోగానికో, చదువుకో వెళ్లి ఆ దేశంలో ‘నివాసి’ అయ్యాక లెక్క మారిపోతుంది. పర్మిట్ మీద ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉన్నా, ఆ దేశ చట్టం నివాసులకు ఇచ్చిన గడువు దాటితే అది పనికిరాదు.

పర్మిట్ ఎక్కడ తీసుకోవాలి?

శ్రీరంగాపూర్ మండలం వారికి వనపర్తి జిల్లా రవాణా అధికారి కార్యాలయం దగ్గర. గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల వారు తమ జిల్లా రవాణా కార్యాలయాలకు వెళ్లాలి. తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ బుక్ చేసుకుని ఫారం 4ఏ, లైసెన్స్, పాస్‌పోర్టు ప్రతులు, ఫొటోలు ఇవ్వాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఫీజు రూ.1,000. సర్వీసు ఛార్జీ అదనం. మెడికల్ సర్టిఫికెట్, వీసా చూపించాలన్న షరతులను 2021 జనవరిలోనే కేంద్రం తొలగించింది. కాబట్టి వీసా చేతికి రాకముందే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఒక విషయం గమనించాలి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. అంతకుముందు ఈ ప్రాంతమంతా మహబూబ్‌నగర్ జిల్లా. అందుకే పాత లైసెన్స్‌ల మీద ఏపీ 22, టీఎస్ 06 కోడ్‌లు ఉంటాయి. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, జోగులాంబ గద్వాలకు 33 కోడ్‌లు. 2024 మార్చి నుంచి టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. కోడ్ పాతదైనంత మాత్రాన లైసెన్స్ చెల్లకుండా పోదు. కానీ అందులో అడ్రస్ పాతదైతే, హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు తీసుకున్నదైతే ముందు దాన్ని సరిచేయించుకోవడం మేలు.

‘నివాసి’ గడువు ఎప్పటి నుంచి లెక్క?

ఇది దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల రోజుల్లో ఉంటే, కొన్నిచోట్ల ఏడాది వరకు ఉంటుంది. ఆ గడువు దాటి బండి నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే లెక్క. జరిమానా ఒక్కటే అయితే కట్టి ఊరుకోవచ్చు. అసలు ప్రమాదం ఇన్సూరెన్స్‌తో. చెల్లుబాటయ్యే లైసెన్స్ లేని డ్రైవర్ యాక్సిడెంట్ చేస్తే ఆ భారం చివరికి అతని మీదే పడే అవకాశం ఎక్కువ.

గల్ఫ్ దేశాల్లో ఎలా?

యూఏఈ: సందర్శక వీసా మీద వెళ్లినవారు ఐడీపీతో అద్దె కారు నడపొచ్చు. రెసిడెన్స్ వీసా వచ్చాక మాత్రం భారత లైసెన్స్ గానీ, ఐడీపీ గానీ చెల్లవు. బ్రిటన్, అమెరికా వంటి కొన్ని దేశాల లైసెన్స్‌లను అక్కడ నేరుగా మార్చి ఇస్తారు. ఆ జాబితాలో భారత్ లేదు.

మామూలుగా డ్రైవింగ్ స్కూల్లో చేరి, థియరీ పరీక్ష రాసి, పార్కింగ్, రోడ్ టెస్టులు పాస్ కావాలి. ఇండియా లైసెన్స్ పాతదైన కొద్దీ తప్పనిసరి తరగతుల సంఖ్య తగ్గుతుంది. ఇలాంటివారి కోసమే దుబాయ్ రవాణా సంస్థ ఆర్‌టీఏ 2023లో ‘గోల్డెన్ ఛాన్స్’ తెచ్చింది. సొంత దేశపు లైసెన్స్ ఉన్నవారు తరగతులు లేకుండా నేరుగా థియరీ, రోడ్ టెస్టులకు వెళ్లొచ్చు. అవకాశం ఒక్కసారే. తప్పితే మళ్లీ స్కూల్లో చేరాల్సిందే. కుడివైపు డ్రైవింగ్ అలవాటు కాకుండా మొదటి వారంలోనే ఈ అవకాశం వాడేసుకోవడం తెలివైన పని కాదు. దుబాయ్‌లో థియరీ పరీక్షను హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళంలో కూడా రాయొచ్చు.

యూఏఈ కొత్త ట్రాఫిక్ చట్టం 2025 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ దేశం గుర్తించని విదేశీ లైసెన్స్‌తో నడిపితే మొదటిసారి 2,000 నుంచి 10,000 దిర్హాముల జరిమానా ఉంటుంది. యాక్సిడెంట్‌లో మనిషి చనిపోతే బాధిత కుటుంబానికి ఇచ్చే పరిహారం, అంటే దియా, 2 లక్షల దిర్హాములు. డ్రైవర్‌కు లైసెన్స్ లేదని తేలితే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ సొమ్మును తిరిగి అతని దగ్గరే రాబట్టుకునే వీలుంది. నెలకు రెండు వేల దిర్హాముల జీతంతో లెక్కేస్తే అది వంద నెలల సంపాదన.

సౌదీ అరేబియా: డ్రైవర్ వృత్తి మీద తీసుకున్నవారు దేశంలో అడుగుపెట్టిన నాటి నుంచి మూడు నెలల వరకు సొంత దేశపు లైసెన్స్‌తో నడపొచ్చు. దానికి అధీకృత అరబిక్ అనువాదం ఉండాలి. నడిపే బండి రకానికి ఆ లైసెన్స్ సరిపోవాలి. ఇక్కడ కారు లైసెన్స్ ఒక్కటే ఉన్నవారిని అక్కడ లారీ ఎక్కిస్తే ఆ వెసులుబాటు వర్తించదు. ఆ మూడు నెలల్లో సౌదీ లైసెన్స్ తెచ్చుకోవాలి. ముందు నైపుణ్యం చూసి, దాన్ని బట్టి శిక్షణ గంటలు నిర్ణయిస్తారు. బండి మీద చేయి తిరిగినవారికి తక్కువ గంటలతో పని అయిపోతుంది.

కువైట్: మామూలు ఉద్యోగులకు జీతం, చదువు, నివాస కాలం వంటి షరతులు ఉంటాయి. ఇంటి డ్రైవర్‌గా వెళ్లినవారికి వీటి నుంచి మినహాయింపు ఉంది. కానీ ఆ లైసెన్స్ ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుంది. వృత్తి మారితే లైసెన్స్ పోతుంది.

గల్ఫ్‌కు డ్రైవర్ పని మీద వెళ్లేవారు ఏజెంటును ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘లైసెన్స్ వచ్చేదాకా జీతం ఇస్తారా? స్కూలు ఫీజు, టెస్టు ఫీజు ఎవరు కడతారు?’ ఆ జవాబు కాంట్రాక్టు కాగితంలో రాసి ఉండాలి. ఫీజును కంపెనీ ముందు కట్టి, తర్వాత నెలనెలా జీతంలో కోసుకుంటే మొదటి ఏడాది ఇంటికి పంపేదేమీ మిగలదు. విదేశాంగ శాఖ దగ్గర నమోదైన ఏజెంటు సర్వీసు ఛార్జీగా రూ.30,000, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఏజెంటు నమోదైనవాడో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

అమెరికాలో రాష్ట్రానికో రూల్

అమెరికాలో లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రాలే. అందుకే టెక్సస్‌లో ఉన్న స్నేహితుడి సలహా కాలిఫోర్నియాలో పనికిరాకపోవచ్చు. నివాసి అయ్యాక కాలిఫోర్నియాలో 10 రోజుల్లో లైసెన్స్‌కు దరఖాస్తు చేయాలి. న్యూయార్క్‌లో గడువు 30 రోజులు, న్యూజెర్సీలో 60 రోజులు, టెక్సస్‌లో 90 రోజులు. ఐడీపీని లైసెన్స్‌గా కాలిఫోర్నియా అసలు గుర్తించదు.

సాధారణంగా కళ్ల పరీక్ష, రాత పరీక్ష, రోడ్ టెస్టు ఉంటాయి. పాస్‌పోర్టు, ఐ-94, విద్యార్థులైతే ఐ-20, అడ్రస్ రుజువులు తీసుకెళ్లాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని విద్యార్థులను, ఆ ఆఫీసు నుంచి ‘అర్హత లేదు’ అనే లేఖ తెమ్మని చాలా రాష్ట్రాలు అడుగుతాయి. దేశంలో దిగిన మర్నాడే డీఎంవీ ఆఫీసుకు పరుగెత్తితే కంప్యూటర్‌లో మీ వివరాలు కనిపించకపోవచ్చు. యూనివర్సిటీలో రిపోర్టు చేసి, సెవిస్ రికార్డు యాక్టివ్ అయ్యాక వెళ్లాలి. అమెరికాలో దిగాక పది రోజులు ఆగడం మంచిది. లైసెన్స్ గడువు మీ వీసా హోదా గడువుతో ముడిపడి ఉంటుంది. కోర్సు, ఓపీటీ, హెచ్‌1బీ మారిన ప్రతిసారీ పొడిగించుకోవాలి.

చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ లేకుండా నడపడం మామూలు చలానా కాదు, క్రిమినల్ కేసు. 2025 ఏప్రిల్‌లో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు రద్దయినప్పుడు, వారిలో కొందరిపై ఉన్నవి చిన్న ట్రాఫిక్ కేసులేనని బయటపడింది. తర్వాత కోర్టుల జోక్యంతో రికార్డులను పునరుద్ధరించారు. అయినా, గ్రాసరీకి వెళ్లి రావడానికి రూమ్మేట్ కారు తీసేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బ్రిటన్‌లో ఏడాది గడువు

బ్రిటన్‌లో నివాసి అయిన నాటి నుంచి 12 నెలలు భారత లైసెన్స్‌తో నడపొచ్చు. ఆ తర్వాత కుదరదు. మార్చి ఇచ్చే దేశాల జాబితాలో మనం లేము కాబట్టి ముందు ప్రొవిజినల్ లైసెన్స్, ఆపై థియరీ, చివరికి డ్రైవింగ్ టెస్టు. ప్రొవిజినల్‌కు ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, థియరీకి 23, పనిరోజుల్లో డ్రైవింగ్ టెస్టుకు 62 పౌండ్లు ఫీజు.

ఏడాది ఉంది కదా అని కూర్చుంటే ఇబ్బంది. టెస్టు తేదీ దొరకడానికే నెలలు పడుతోంది. చేరిన రెండు మూడు నెలల్లో థియరీ పూర్తి చేస్తేనే ఆ ఏడాదిలోగా పని అవుతుంది. ఆటోమేటిక్ కారులో టెస్టు ఇస్తే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. చెల్లే ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే 300 పౌండ్ల జరిమానా, 6 పాయింట్లు. కొత్త లైసెన్స్ వచ్చిన రెండేళ్లలో 6 పాయింట్లు పడితే ఆ లైసెన్సే పోతుంది.

దుబాయ్ నుంచి లండన్ వెళ్లే మనవాళ్లకు ఇక్కడొక వెసులుబాటు ఉంది. యూఏఈ లైసెన్స్‌ను బ్రిటన్ 2021 నుంచి నేరుగా మార్చి ఇస్తోంది. కానీ టెస్టు యూఏఈలోనే పాసై ఉండాలి. బ్రిటన్ చూసేది మీ పాస్‌పోర్టు ఏ దేశానిదని కాదు, మీరు ఏ దేశంలో టెస్టు పాసయ్యారని. కాబట్టి గల్ఫ్‌లో కష్టపడి తెచ్చుకున్న లైసెన్స్‌ను ‘వెళ్లిపోతున్నాం కదా’ అని గడువు తీరనివ్వకండి.

కెనడా, ఆస్ట్రేలియాలో అనుభవానికి విలువ

కెనడాలోని ఒంటారియోలో నివాసి అయ్యాక 60 రోజులు పాత లైసెన్స్‌తో నడపొచ్చు. అక్కడ జీ1, జీ2, జీ అని మూడు మెట్లు ఉంటాయి. కొత్తవాళ్లు ఒక్కో మెట్టు మీద నెలల తరబడి ఆగాలి. గత మూడేళ్లలో రెండేళ్ల డ్రైవింగ్ అనుభవం ఉందని రుజువు చేస్తే, రాత పరీక్ష తర్వాత నేరుగా చివరి మెట్టు రోడ్ టెస్టుకు వెళ్లొచ్చు. రుజువు అంటే కార్డు జిరాక్స్ కాదు. లైసెన్స్ ఇచ్చిన రవాణా కార్యాలయమో, భారత కాన్సులేటో అధికారికంగా ధ్రువీకరించిన ఒరిజినల్ పత్రం కావాలి. ఊళ్లో ఉన్నప్పుడు ఒక్కపూటలో అయ్యే పని, అక్కడికి వెళ్లాక అన్నదమ్ముల్ని ఆఫీసు చుట్టూ తిప్పే పనిగా మారుతుంది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా, న్యూ సౌత్‌వేల్స్ రాష్ట్రాలు తాత్కాలిక వీసాదారులకు ఆరు నెలల గడువు ఇస్తున్నాయి. ఆ తర్వాత రాత పరీక్ష, డ్రైవింగ్ టెస్టు పాస్ కావాలి. మనలాగే ఎడమవైపు డ్రైవింగ్ కావడం ఒక సౌకర్యం.

జర్మనీ, సింగపూర్ సంగతేంటి?

జర్మనీలో నివాసం మొదలైన నాటి నుంచి ఆరు నెలలు భారత లైసెన్స్ చెల్లుతుంది. దాని జర్మన్ అనువాదం వెంట ఉంచుకోవాలి. తర్వాత థియరీ, ప్రాక్టికల్ రెండూ పాస్ కావాలి. కొత్తగా నేర్చుకునేవారికి ఉండే తప్పనిసరి తరగతులు మాత్రం మనకు వర్తించవు. జర్మనీలో శిక్షణ ఖర్చు చాలా ఎక్కువ కాబట్టి ఈ మినహాయింపు విలువైనది. థియరీ ఇంగ్లిష్‌లో రాయొచ్చు. జర్మన్ లైసెన్స్ ఇచ్చేటప్పుడు మీ భారత కార్డును వాళ్లు తీసేసుకుంటారు. ముందే రెండు వైపులా కలర్ కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత ఇక్కడికొచ్చి ‘కార్డు పోయింది’ అని చెప్పి డూప్లికేట్ తీసుకోవడం తప్పుడు వాంగ్మూలం అవుతుంది.

మార్పిడి అన్న మాటకు దగ్గరగా ఉండేది సింగపూర్. అక్కడ 12 నెలల్లోగా బేసిక్ థియరీ టెస్ట్ పాసైతే కారు లైసెన్స్‌ను మార్చి ఇస్తారు.

విమానం ఎక్కేముందు ఈ పనులు చేసుకోండి

పేరు సరిచూసుకోండి: మన దగ్గర లైసెన్స్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. అక్కడి క్లర్కుకు ఈ ఇద్దరూ ఒక్కరే అని నమ్మకం కుదరదు. పాస్‌పోర్టులో ఉన్నట్టే లైసెన్స్‌లోనూ మార్పించుకోండి. పుట్టిన తేదీ కూడా అంతే.

మొదటి జారీ తేదీ తెలిపే పత్రం తీసుకోండి: రెన్యువల్ చేసుకున్నాక కార్డు మీద కొత్త తేదీ ఒక్కటే ప్రముఖంగా కనిపిస్తే, పదేళ్ల అనుభవం ఉన్నవారు కూడా కొత్తవారిలా కనిపిస్తారు. లైసెన్స్ మొదట ఎప్పుడు ఇచ్చారు, ఏ బండ్లకు ఇచ్చారు అని రవాణా కార్యాలయం సంతకం, ముద్రతో ఇచ్చే ఎక్స్‌ట్రాక్ట్ అడిగి తీసుకోండి.

ఆన్‌లైన్‌లో ఉందో లేదో చూడండి: తెలంగాణ రవాణా శాఖ ఏళ్ల తరబడి కేంద్ర పోర్టల్‌తో సంబంధం లేకుండా సొంత ఆన్‌లైన్ వ్యవస్థ నడిపింది. పాత మహబూబ్‌నగర్ లైసెన్స్‌ల వివరాలు కంప్యూటర్‌లో సరిగ్గా ఉన్నాయో లేదో వెళ్లేముందే చూసుకోవాలి. లేకుంటే నమోదు చేయించుకోవాలి.

లెర్నర్ లైసెన్స్‌తో విమానం ఎక్కొద్దు: అది విదేశాల్లో దేనికీ పనికిరాదు. ఇక్కడ లెర్నర్ వచ్చిన 30 రోజుల తర్వాతే పక్కా లైసెన్స్ టెస్టుకు వెళ్లగలరు. ఆగస్టులో అమెరికా వెళ్లే విద్యార్థి కనీసం మేలోనే మొదలుపెట్టాలి.

గడువు చూసుకోండి: 30 ఏళ్లలోపు తీసుకున్న సొంత బండి లైసెన్స్ 40 ఏళ్లు నిండే వరకు, 30-50 ఏళ్ల మధ్య తీసుకున్నది పదేళ్లు చెల్లుతుంది. ట్రాన్స్‌పోర్టు లైసెన్స్ గడువు ఐదేళ్లే. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేసుకోవచ్చు.

అక్కడ ఉండగా గడువు ముగిస్తే?

విదేశంలో ఉండగా ఐడీపీ గడువు ముగిస్తే అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. 2021 జనవరి 7 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఈ వీలు కల్పించింది. దరఖాస్తు అక్కడి నుంచి ఇక్కడి రవాణా కార్యాలయానికి చేరుతుంది. పర్మిట్ మీ విదేశీ చిరునామాకే వస్తుంది.

అసలు లైసెన్స్ గడువు ముగిస్తే మాత్రం జాగ్రత్త. ఏడాదిలోగా రెన్యువల్ చేసుకుంటే టెస్టు ఉండదు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఇవ్వాలి. మధ్యలో సెలవుకు ఊరికి వచ్చినప్పుడు ఒకసారి కార్డు తీసి తేదీ చూసుకోవడం మంచిది.

దళారుల మాటలు నమ్మొచ్చా?

‘మూడేళ్లు చెల్లే ఇంటర్నేషనల్ లైసెన్స్’, ‘టెస్టు లేకుండా దుబాయ్ లైసెన్స్’ అంటూ ఎవరైనా డబ్బు అడిగితే నమ్మొద్దు. మన దేశంలో ఐడీపీ ఇచ్చేది రవాణా శాఖ. గడువు ఏడాదికి మించదు. నకిలీ పత్రంతో విదేశంలో పట్టుబడితే కేసు మీ మీదే అవుతుంది, దళారి మీద కాదు. గల్ఫ్‌లో అయితే జైలు, ఆపై దేశ బహిష్కరణ వరకు వెళ్లొచ్చు.

నిబంధనలు, ఫీజులు మారుతుంటాయి. టికెట్ బుక్ చేసేముందు మీరు వెళ్లే దేశం లేదా రాష్ట్రం రవాణా శాఖ అధికారిక వెబ్‌సైట్‌లో రెండు విషయాలు చూసుకోండి: భారత లైసెన్స్‌తో ఎన్ని రోజులు నడపొచ్చు, అనుభవానికి ఏ పత్రం అడుగుతారు. మొదటి దానికి జవాబు తెలిస్తే అక్కడికి చేరాక ఎప్పుడు దరఖాస్తు చేయాలో తేలుతుంది. రెండోది తెలిస్తే వనపర్తి ఆఫీసులో ఏ కాగితం అడగాలో తెలుస్తుంది.